నా గొంతు వినపడిన ఊరు

మా నాన్న నరసరావుపేట కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తా. కోర్టులో పూర్తికాని కాగితాలు ఇంటికి తెచ్చుకుని, వసారాలో రాతబల్ల ముందేసుకుని దీక్షగా రాసేవారు. ఒక్క అక్షరం తప్పుపోయినా కాగితమంతా మళ్ళీ మొదటినుంచి రాయాలి. అందుకని మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. అమ్మ గిన్నెలు కూడా చప్పుడు కాకుండా తోమేది. మేం ముగ్గురు ఆడపిల్లలం పోట్లాడుకున్నా గుసగుసల్లోనే. ఒకరి జుట్టు ఒకరం పట్టుకుని లాక్కుంటూ కూడా, రహస్యం చెప్పుకున్నట్టు తిట్టుకునేవాళ్ళం. మా ఇంటికొచ్చిన చుట్టాలు రెండు రోజులుంటే చాలు, వెళ్ళేటప్పటికి వాళ్ళ గొంతులు కూడా తగ్గిపోయేవి.

అలాంటి ఇంట్లో పెరిగి నేను పంతులమ్మనయ్యాను.

గుంటూరులో ట్రైనింగు చేసినప్పుడు నా రాత చూసి అందరూ మెచ్చుకున్నారు. నల్లబల్ల మీద నేను రాస్తే అచ్చు వేసినట్టుండేది. గొంతు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ట్రైనింగులో మేం పాఠం చెప్పి చూపించే క్లాసులో పిల్లలు కొద్దిమందే, వాళ్ళు కూడా ఊపిరి బిగబట్టి బుద్ధిగా కూర్చునేవాళ్ళు. పాసయ్యాక, గురజాల దగ్గర ఒక పల్లెలో ఆడపిల్లల బడికి నన్ను వేశారు. యుద్ధం నడుస్తున్న రోజులవి.

దిగబెట్టడానికి నాన్న వెంట వచ్చారు. అప్పట్లో పెట్రోలు దొరక్క బస్సుల వెనక బొగ్గు పొయ్యి తగిలించి నడిపేవారు. నకరికల్లు దాటాక మా బస్సు ఎత్తు ఎక్కలేక దగ్గుతూ నిలబడిపోయింది. మగవాళ్ళంతా దిగి తోశారు. నాన్న కూడా పంచె ఎగ్గట్టి తోశారు. కలం తప్ప మరోటి పట్టి ఎరగని మనిషి, బస్సు కదిలాక పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కి, మసి పట్టిన మొహంతో నవ్వారు. ఆయన అంత పెద్దగా నవ్వడం నేను చూడడం అదే మొదలు. ఇల్లు దాటితే మనుషులు కాస్త మారతారేమో అనిపించింది.

నాకు బస కుదిరింది ఒక రైతు ఇంట్లో. ఇంటావిడ భర్త పోయి చాలా ఏళ్ళయింది. కూతుళ్ళకి పెళ్ళిళ్ళు చేసి పంపేసి, ఒక్కతే సేద్యం చేయించుకుంటోంది. నాపరాళ్ళ గోడల ఇల్లు, ముందు పశువుల చావిడి, పక్కన ఒక చిన్న గది. ఆ గది నాది. ఆవిడ గడపలో నిలబడి పిలిస్తే, రెండు వీధుల అవతల ఉన్న పాలేరు "వస్తన్నా" అనేవాడు.

మొదటి రోజు నేను, "అమ్మగారూ, మంచినీళ్ళ బావి ఎటు వైపండీ?" అని అడిగాను.

ఆవిడ నా మొహంలోకి వంగి చూసి, "ఏందమ్మాయ్? నీ పెదాలు కదులుతున్నయ్ గాని మాట బయటికి రావట్లా. ఒంట్లో బాగాలేదా?" అంది.

"బాగానే ఉందండీ."

"అయితే మళ్ళీ చెప్పు. గారూ గీరూ వద్దు, పెద్దమ్మా అను."

మూడోసారికి ఆవిడకి బావి సంగతి అర్థమైంది. నాన్న మాత్రం అక్కడే నిలబడి నా మాటలన్నీ మొదటిసారికే విన్నారు. ఆయనకి అలవాటు.

బడి అంటే ఊరి ఉమ్మడి హాలు. పొడుగాటి గది, కిటికీలు చిన్నవి. అన్ని తరగతులకీ నేనొక్కదాన్నే పంతులమ్మని. చిన్నపిల్లలు ముందు, పెద్దపిల్లలు వెనక కూర్చునేవాళ్ళు. హాలుకి ఆనుకునే ఒక దూదేకే సాయిబు ఇల్లు. మధ్య గోడ ఒక్కటే. ఆయన పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా పెద్ద విల్లు వేలాడదీసి, కొయ్యతో దాని తీగని కొట్టి దూది ఏకుతుండేవాడు. 'డుంయ్, డుంయ్' అని ఆ మోత గోడలోంచి వచ్చి నా పాఠం మీద పడేది. నేను 'అ' అంటే వెనక పిల్లలకి 'డుంయ్' అని వినపడేది. వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళు కాసేపు నా పెదాలు చూసి, తర్వాత గచ్చకాయలు ఆడుకునేవాళ్ళు.

నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే, రాయడం. అన్నీ బోర్డు మీద రాసేదాన్ని. చదవడం వచ్చిన వాళ్ళకి రాత ఉపయోగపడుతుంది గానీ, చదువు నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళకి రాస్తే ఏం లాభం? ఒక రోజు వెనక వరస పిల్ల తల్లి, కూతుర్ని రెక్క పట్టుకుని నేరుగా బడిలోకి వచ్చేసింది.

"పంతులమ్మా, నా పిల్లేం పాపం చేసింది? ముందు కూచున్నోళ్ళకే చదువు చెబుతన్నావంట. ఎనకోళ్ళకి తెలవకుండా గుసగుసలాడతన్నావంట."

అలాంటిదేం లేదని చెప్పాను. నేను చెప్పింది ఆవిడకి వినపడలేదు. "అదిగో, మళ్ళీ గుసగుసే" అని వెళ్ళిపోయింది. ముందు వరస పిల్లలు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ, ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

కార్తీకమాసంలో ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చింది. నడివయసు మనిషి, నిదానంగా మాట్లాడేది. చెప్పకుండా వచ్చి వెనక గుమ్మంలో చాలాసేపు నిలబడిందట, నేను చూసుకోలేదు. పిల్లల్ని పంపించేశాక నన్ను కూర్చోబెట్టింది.

"నీ బోర్డు చూస్తే పాఠం ఎంత బాగా తయారుచేసుకున్నావో తెలుస్తోంది. కానీ నేను విన్నది పక్కింటి దూది పాఠం" అంది. నేను తల వంచుకున్నాను. "మాఘమాసంలో మళ్ళీ వస్తాను. అప్పటికి వెనక వరసకి వినపడాలి. లేదంటే రాతపని ఉన్న ఆఫీసుకి నిన్ను మార్చమని రాస్తాను. శిక్ష అనుకోకు. నీకు అదే నప్పుతుందేమో నువ్వే ఆలోచించుకో."

నిజం చెప్పాలంటే, ఆఫీసు మాట వినగానే నా మనసులో సగం సంతోషించింది. చల్లగా, నిశ్శబ్దంగా, నాన్నలాగా కూర్చుని రాసుకోవచ్చు. ఇంటికి వెళ్ళి పెద్దమ్మకి జరిగింది చెప్పాను. ఆవిడ గేదెకి చిట్టు కలుపుతూ విన్నది.

"ఇంతకీ నీకేం కావాలే? ఆఫీసా, బడా?"

"బడే" అన్నాను.

"ఏంది?"

"బడే."

"గేదెక్కూడా వినపళ్ళా."

"బడే కావాలి పెద్దమ్మా" అన్నాను, కొంచెం విసుగ్గా.

ఆవిడ చేతులు దులుపుకుని లేచింది. "ఆ, ఇప్పుడు వినపడ్డది. విసుగొస్తే నీకూ గొంతుంది. పద, ముందు సాయిబుతో మాట్లాడు. ఇన్నాళ్ళూ ఆయన్ని అడిగావా?"

అడగలేదు. ఆ మోత ఎండలాగా వానలాగా, అడిగి ఆపించేది కాదనుకున్నాను. పైగా మనసులో ఆయన మీద బోలెడు కోపం పెంచుకున్నాను. పిల్లల చదువంటే లక్ష్యం లేని మనిషని, కావాలనే గోడవైపు తిరిగి కొడుతున్నాడని, ఎన్నో అనుకున్నాను.

మర్నాడు బడి అయ్యాక ఆయన ఇంటికి వెళ్ళాను. ఇల్లంతా తెల్లటి నూగు, గడ్డంలో కూడా దూదిపింజలే. నన్ను చూసి విల్లు ఆపి, తలపాగా సర్దుకుని లేచి నిలబడ్డాడు. మోత ఆగింది గనక నా మాట ఆయనకి వినపడింది.

"నేను పక్కన బడిలో పంతులమ్మనండీ."

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "పక్కన బడా? బడి నడుస్తందా అమ్మా? నేను మూసేశారనుకున్నా. పాత పంతులమ్మ ఉన్నప్పుడు ఎక్కాలు నాకూ వచ్చేసినయ్. ఆమె పోయినాక ఒక్క మాట వినపడితే ఒట్టు."

ఆయన భార్య లోపల్నుంచి నవ్వింది. ఆ నవ్వుకి నాకూ నవ్వొచ్చి, నిలబడే నవ్వేశాను. తర్వాత నా ఇబ్బంది చెప్పాను. ఆయన కాసేపు గడ్డంలో దూది తీసుకుంటూ ఆలోచించాడు.

"ఇందులో ఏముంది తల్లీ. నాకు ఏకే పనే కాదు, కుట్టే పనీ ఉంటది. పరుపులు, బొంతలు కుట్టేటప్పుడు చప్పుడుండదు. బడి టైములో కుట్టుకుంటా. ఏకేది పెందలాడే, మళ్ళీ సాయంత్రం పెట్టుకుంటా. ముందే చెబితే అయిపోను గదా."

నేను బయల్దేరబోతుంటే, "మా పిల్లకి కూడా చదువు చెబుతారా? బడి లేదనుకుని ఇంట్లోనే కూచోబెట్టా" అన్నాడు.

ఆ పిల్ల మర్నాడే వచ్చింది. పరికిణీ నిండా దూది.

తర్వాత నా ఉద్యోగంలో చాలామంది మీద కోపం వచ్చిన సందర్భాలున్నాయి. అలా కోపం వచ్చినప్పుడల్లా, ముందు ఈ మనిషికి నా ఇబ్బంది తెలుసా అని నన్ను నేను అడుగుతాను. చాలాసార్లు తెలియదనే తేలుతుంది. మన అవస్థ ఎదుటివాళ్ళకి కనపడుతూనే ఉంటుందని అనుకుంటాం. వాళ్ళు గోడకి అవతలుంటారు, వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటుంటారు.

మోత ఆగింది. కానీ వెనక వరసకి అప్పటికీ వినపడలేదు. ఇక తప్పు గోడ అవతల లేదని తేలిపోయింది. అదీ మంచిదే అయింది.

"రేపు పొద్దున చేనుకి రా" అంది పెద్దమ్మ.

పుష్యమాసం చలి. జొన్న గింజ పాలు పట్టే వేళ. పిట్టలకి అప్పుడే పండగ. చేను మధ్యలో నాలుగు గుంజల మీద మంచె, దాని మీద పెద్దమ్మ. తెల్లవారీ తెల్లవారకముందే పిచికలు గుంపులుగా వచ్చి వాలేవి, వాటి వెనక చిలకలు. ఆవిడ లేచి నిలబడి "హో...య్" అనేసరికి చేను చేనంతా లేచిపోయేది. అది అరుపులాగా ఉండేది కాదు. పొలం మీదుగా ఏదో దొర్లించినట్టుండేది.

"ఇప్పుడు నువ్వు" అంది.

నేను అన్నాను. దగ్గర్లో ఒక కంకి మీదున్న పిచిక తలెత్తి చూసి, మళ్ళీ తినడం మొదలుపెట్టింది.

"అది భయపళ్ళేదమ్మాయ్. నిన్ను చూసి జాలిపడింది" అంది పెద్దమ్మ.

రెండోసారి గొంతు చించుకున్నాను. దగ్గొచ్చింది. ఆవిడ నా మెడ మీద చెయ్యి వేసి, "ఈడ్నుంచి కాదు" అని, తర్వాత పొట్ట మీద తట్టి, "ఈడ్నుంచి. నిండు బిందె ఎత్తేటప్పుడు ఊపిరి ఎట్టా బిగబడతావు? అట్టా బిగబట్టి వదులు" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. "ఊరికే గాల్లోకి అరవమాక. యాడికి పోవాల్నో చూసి పంపు. అదిగో, ఆ గట్టు మీద తుమ్మచెట్టుంది. దానికి చెప్పు."

ఏం చెప్పాలని అడిగాను. "నీకు వచ్చిందేదో చెప్పు. మీ ఎక్కాలు చెప్పు."

అలా నేను రోజూ పొద్దున్నే మంచె ఎక్కి తుమ్మచెట్టుకి ఎక్కాలు నేర్పాను. మొదట్లో గొంతు బొంగురుపోయి మిరియాల పాలు తాగాల్సి వచ్చింది. పక్క చేలో పత్తి తీసే ఆడవాళ్ళు పని ఆపి చూసి నవ్వుకునేవాళ్ళు. నాలుగు రోజులయ్యేసరికి వాళ్ళకి అలవాటైపోయింది. ఒక రోజు నేను "ఏడెనిమిదులు" అని ఊపిరి తీసుకుంటుంటే, అవతలి చేలోంచి ఒకావిడ, "ఎంతైతే అంతగాని, పంతులమ్మా, నీ ఎనక చిలకలు వాలినయ్, ముందు వాటిని తోలు" అని కేకేసింది.

వెనక్కి తిరిగి, ఆలోచించకుండా, కడుపులోంచి "హో...య్" అన్నాను. చిలకల గుంపు మొత్తం ఒక్కసారిగా పచ్చగా లేచి, కిర్రుమంటూ గట్టు దాటి వెళ్ళిపోయింది. నేను అలాగే నిలబడిపోయాను. నా మాటకి లోకంలో ఏదైనా కదలడం అదే మొదలు. అవతలి చేలో వాళ్ళు చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ పిట్టల మీదికి రాళ్ళు విసిరే వడిసెల పక్కన పెట్టేసి, మంచె మీద కాళ్ళు చాపుకుని పడుకుంది. ఆ పొద్దుకి కాపలా నాదే.

ఆ ఉత్సాహంతో బడికి వెళ్ళాను. వెళ్ళి ఆ గొంతుతోనే పాఠం మొదలుపెట్టాను. ముందు వరస చెవులు మూసుకుంది. చిన్నపిల్ల ఒకతి ఏడుపు లంకించుకుంది. సాయిబుగారి అమ్మాయి లేచి నిలబడి, "పంతులమ్మా, మేమేం పిట్టలం కాదు గదా" అంది.

ఏం చెయ్యాలో తెలియక, ఒక రోజు గట్టిగా, ఒక రోజు మెల్లగా, ఇలా తడుముకుంటుండగానే మాఘమాసం రాకముందే ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చేసింది. నాకు కంగారు పుట్టింది. కంగారులో చేతికి ఏది అందితే అది వాడతాం. ఆవిడ గుమ్మంలో కనపడగానే, "నమస్కారమండీ" అని తుమ్మచెట్టుకి వినపడేలా అన్నాను.

ఆవిడ ఒకడుగు వెనక్కి వేసింది. "అమ్మాయ్, నేనిక్కడే ఉన్నాను" అంది.

పిల్లలంతా ఘొల్లుమన్నారు. ఆవిడా నవ్వింది. ఆ రోజు పాఠం నన్ను చెప్పనివ్వలేదు. నన్ను వెనక వరసలో కూర్చోబెట్టి తనే చెప్పింది. నాకు బాగా గుర్తు, కాకి గూడు గురించి. ఆవిడ గొంతు పెద్దదేం కాదు. కానీ మాట మొదలుపెట్టే ముందు గదిలో అందరికంటే దూరంగా ఉన్న పిల్ల వైపు చూసేది. ఆ పిల్ల తన వైపు చూసేదాకా ఆగేది. ఆ పిల్లకి చెప్పేది. మధ్యలో ఉన్న వాళ్ళందరికీ అది దారిలో వినపడేది. సందడి ఎక్కువైతే గొంతు పెంచేది కాదు, మాట ఆపేసేది. ఏమైందోనని పిల్లలే ఊరుకునేవాళ్ళు.

తర్వాత ఇద్దరం హాలు మెట్ల మీద కూర్చున్నాం. "నీకు గొంతు వచ్చింది. ఇక దాన్ని ఎంత వాడాలో చూసుకోవడమే" అంది. నాకింకా భయంగానే ఉందన్నాను.

"నాకు లేదనుకున్నావా? ఇప్పటికీ కొత్త బడిలో అడుగు పెడితే మోకాళ్ళు వణుకుతాయి. అందుకే కుచ్చిళ్ళు నేలకి తగిలేట్టు కడతాను. ఎవరికీ కనపడదు."

అంత పెద్ద ఉద్యోగం చేసే మనిషి ఆ మాట అనేసరికి నా గుండెలో బరువు దిగిపోయింది. భయం పోయాక పని మొదలుపెడదామని నేను కాచుకుని కూర్చున్నాను. భయం ఉండగానే పని చేసేవాళ్ళే చాలామంది అని అప్పుడు తెలిసింది. మర్నాటినుంచి నేనూ కుచ్చిళ్ళు కాస్త కిందికి కట్టాను.

ఇది జరిగిన కొన్నాళ్ళకే అసలు పరీక్ష వచ్చింది. ఆ ఏడు పత్తి బాగా పండింది. పెట్రోలు కరువుకి లారీలు రావడం లేదు. ఇళ్ళల్లో, వసారాల్లో పత్తి పేరుకుపోయింది. ఊరి పెద్ద, అంటే పెద్దమ్మకి స్వయానా మరిది, పత్తి హాల్లో పోయించాలని, లారీలు వచ్చేదాకా బడి మూసెయ్యాలని కబురు పంపాడు. లారీలు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. ఒకసారి బడి మానిన ఆడపిల్ల మళ్ళీ రావడం ఎంత కష్టమో నాకు తెలుసు.

"నువ్వు చెప్పు పెద్దమ్మా, నీ మాట వింటాడు" అన్నాను.

"నేను చెబితే వదిన గోల అంటాడు. పంతులమ్మవి నువ్వు. నువ్వే చెప్పాల. నేను బయట నిలబడతాలే."

సాయంత్రం ఊరి చావడిలో మగవాళ్ళంతా చేరారు. ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళి మాట్లాడే అలవాటు లేదు. నేను మెట్లెక్కి నిలబడ్డాను. మోకాళ్ళు వణికాయి. కుచ్చిళ్ళు నేలకి తగులుతున్నాయి గనక ఫర్వాలేదనుకున్నాను. "అయ్యా" అన్నాను. ఎవరూ తిరగలేదు, పత్తి ధర గురించి వాదించుకుంటున్నారు. మళ్ళీ అన్నాను. ఊహూఁ. ఒక్క కేక వేస్తే చావడి లేచిపోతుందని తెలుసు. కానీ కేక వేస్తే అందరూ నన్ను చూస్తారు గాని, నా మాట వినరు.

అందరికంటే చివర, స్తంభానికి ఆనుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన మనవరాలు నా బడిలోనే చదువుతోంది. ఆయన వైపే చూశాను. ఆయన నన్ను చూసేదాకా ఆగి, ఆయనకే చెప్పడం మొదలుపెట్టాను.

"తాతయ్యా, మీ మనవరాలు మొన్ననే రెండు అక్షరాలు కలిపి చదవడం నేర్చుకుంది. ఇప్పుడు బడి ఆగితే అది మర్చిపోతుంది."

ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఎవురదీ, పంతులమ్మా? ఒరేయ్, కాసేపు ఊరుకోండి, ఆ అమ్మాయేందో మా పిల్ల సంగతి చెబుతంది."

చావడి నిశ్శబ్దమైంది. నేను మిగతాది చెప్పాను. పత్తి తడిస్తే ఊరికి నష్టమని నాకు తెలుసన్నాను. హాలు ఇవ్వనని అనడం లేదన్నాను. పత్తి వెళ్ళేదాకా పిల్లలు కూర్చోవడానికి నీడ ఉన్న చోటు చూపించమన్నాను. అంతే అడిగాను. చావడి చివరిదాకా నా మాట వినపడింది.

ఊరి పెద్ద మీసం సవరించుకుని, "నీ మాట సబబుగానే ఉందమ్మా. కాని ఊళ్ళో అంతమంది పిల్లలు పట్టే చోటు ఎవురికుంది? ఉంటే నువ్వే చెప్పు" అన్నాడు.

నేను చెప్పేలోపే బయట చీకట్లోంచి పెద్దమ్మ గొంతు దొర్లుకుంటూ వచ్చింది. "ఏం మరిదీ, మీ ఇంటి అరుగు సంగతి మర్చిపోయావా? పెళ్ళివారందరూ పట్టారు గదా దాని మీద."

చావడి అంతా ఒకటే నవ్వు. నవ్వుల మధ్య ఆయన కాదనలేకపోయాడు. "సరే, రేపట్నుంచి రమ్మను" అన్నాడు.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆయన అరుగు పెద్దదే, పందిరి కూడా ఉంది. కాకపోతే అది ఆయన తగాదాలు తీర్చే చోటు కూడా. గట్టు తగాదాతో వచ్చిన ఇద్దరు రైతులు పిల్లల మధ్యలోనే కూర్చుని వాదించుకునేవాళ్ళు. పిల్లలు పలకలు కింద పెట్టి, తీర్పు ఏమొస్తుందా అని చెవులు రిక్కించేవాళ్ళు. మధ్యాహ్నం ఆయన కునుకు తీసే వేళకి మాకు ఎక్కాల వేళ అయ్యేది. నేను మెల్లగానే చెప్పించేదాన్ని. కానీ అప్పటికి నా పిల్లలకి కూడా గొంతులు వచ్చేశాయి.

ఇంకో విచిత్రం జరిగింది. నేనేదైనా అడిగి పిల్లలు చెప్పలేక నిలబడితే, తలుపు వెనకనుంచి జవాబు వచ్చేది. మొదట ఎవరో అర్థం కాలేదు. తర్వాత చూస్తే ఆయన భార్య. వంటింట్లో కూరలు తరుగుతూ, తలుపు చాటుకి వచ్చి వింటూ, ఆవిడ అన్నీ పట్టేస్తోంది. పిల్లలకి ఆవిడ జవాబులంటే సరదా. తెలిసినా చెప్పకుండా తలుపు వైపు చూసేవాళ్ళు. కొన్ని రోజులకి ఆవిడ పలక తెప్పించుకుంది. భర్త అడిగితే మనవడి కోసం అని చెప్పిందట. మనవడు అప్పటికింకా పాకుతున్నాడు.

నెల తిరక్కుండానే ఊరి పెద్ద నా దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పంతులమ్మా, హాలు ఖాళీ చేయిస్తన్నా. రేపట్నుంచి మీ బడి మీరు ఆడే పెట్టుకోండి."

"లారీలు వచ్చాయాండీ?"

"లారీలు రాలా. బండ్లు కట్టించి రైలు స్టేషనుకి తోలిస్తన్నా. ఇన్నాళ్ళూ ఆ పని ఎందుకు చెయ్యలేదో నాకే తెలవదు. మధ్యాన్నం కునుకు లేదు. రాత్రి పడుకుంటే చెవుల్లో ఏడో ఎక్కం తిరుగుతంది. మా ఇంటామె కూర వడ్డిస్తా 'ఇది ఏ గుణింతం' అని అడుగుతంది."

తలుపు వెనకనుంచి, "బడి పోతే మరి నా సంగతేంది?" అని వినపడింది.

దాని ఫలితంగా, మేం హాలుకి తిరిగి వెళ్ళాక, సాయంత్రాలు ఆడవాళ్ళకి ఒక గంట చదువు మొదలైంది. ఊరి పెద్ద భార్య ముందు కూర్చునేది. సాయిబు భార్య, నాతో గుసగుసల గొడవ పడ్డ ఆ తల్లి కూడా వచ్చేవాళ్ళు. పెద్దమ్మ మాత్రం వచ్చి గుమ్మంలో కూర్చునేది. చదువు తనకి ఎక్కదని, వినడానికే వచ్చానని చెప్పేది. ఎవరైనా సరిగా వినకపోతే కసిరేది ఆవిడే.

ఇన్‌స్పెక్ట్రెస్ ఆఫీసు మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ ఊళ్ళో నేను ఇంకా కొన్నేళ్ళున్నాను. యుద్ధం అయిపోయింది, స్వరాజ్యం వచ్చింది, బస్సుల వెనక బొగ్గు పొయ్యిలు పోయాయి. తర్వాత నన్ను మాచర్లకి, ఇంకా పెద్ద బడికి మార్చారు. కొత్తగా చేరిన పంతులమ్మలు ఎవరైనా నా దగ్గరికి వచ్చి నాకు ఈ పని రాదేమోనండీ అంటే, రాకపోవడం పెద్ద విషయం కాదని చెబుతాను. ఏది రావడం లేదో స్పష్టంగా చెప్పగలిగితే, నేర్పేవాళ్ళు ఎక్కడో ఒకచోట దొరుకుతారు. నాకైతే ఒక మంచె మీద ఒకరు, మెట్ల మీద ఒకరు దొరికారు. నేర్చుకోవడానికి వెళ్ళిన చోట నవ్వులపాలు కావడానికి మాత్రం సిద్ధపడి వెళ్ళాలి. నన్ను చూసి నవ్విన వాళ్ళెవరూ తర్వాత నన్ను తక్కువగా చూడలేదు.

మాచర్ల వెళ్ళే రోజు గురజాల స్టేషనుకి నన్ను బండిలో తీసుకొచ్చారు. ఊరి పెద్ద బండి తోలాడు. పెద్దమ్మ, ఊరి పెద్ద భార్య నాతో పాటు వెనక కూర్చున్నారు. ఊరి పెద్ద భార్యకి స్టేషను చూడడం అదే మొదలు. రైలు వచ్చింది. పెద్దమ్మ జనాన్ని అదిలించి నా పెట్టె ఎక్కించింది. ఊరి పెద్ద భార్య మాత్రం మాతో రైలు దగ్గరికి రాలేదు. ప్లాట్‌ఫారం చివర స్టేషను పేరు రాసిన పెద్ద పలక ముందు నిలబడి, వేలు గాల్లో ఆడిస్తూ చదువుతోంది.

"గు... ర..."

"ఇట్టా రా, పంతులమ్మకి సెలవు చెప్పు, రైలు పోద్ది" అని భర్త కేకేశాడు.

"ఉండండి, ఇంకా రెండక్షరాలున్నయ్" అంది ఆవిడ.

గార్డు పచ్చజెండా చేత్తో పట్టుకుని ఆవిడ వైపే చూస్తున్నాడు. ఆవిడ తొందరపడలేదు. మొత్తం చదివి, అప్పుడు నా కిటికీ దగ్గరికి నవ్వుకుంటూ నడిచి వచ్చింది.